ఉండకూడని చోట వెలసిన ఊరు: పొటోసి

(మచిలీపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం పాఠకుల సమావేశంలో విశ్రాంత భూగోళం మాస్టారు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? ఆ పక్క ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులో హోరు వస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఇవాళ ఒక ఊరి గురించి చెబుతాను. పెద్ద ఊరేం కాదు. మన బందరు ఎంతో ఇంచుమించు అదీ అంతే, రెండు లక్షలకు అటూ ఇటూ జనం. పేరు పొటోసి. దక్షిణ అమెరికాలో బొలీవియా దేశంలో ఉంది. ఈ పేరు ఇంతకుముందు ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ఒకటి, రెండు... మీరు ఎత్తకూడదు మాస్టారూ, మీకు నిన్న నేనే చెప్పాను.

నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత కునుకు పట్టినా ఫర్వాలేదు. ముప్పై ఏళ్ళు భూగోళం పాఠం చెప్పినవాడిగా అంటున్నాను, ఆ ఊరు అక్కడ ఉండకూడదు. ఊరు ఎక్కడ పుడుతుందని పిల్లలకు చెబుతాం? ఏటి ఒడ్డున, మంచి నేల ఉన్న చోట, రేవు ఉన్న చోట, నాలుగు దారులు కలిసే చోట. అవునా? అక్కడ ఇందులో ఒక్కటీ లేదు. పంట లేదు, చెట్టు లేదు, చెప్పుకోదగ్గ ఏరు లేదు, పీల్చడానికి గాలి కూడా సరిపడా లేదు. మరి ఊరెందుకు పుట్టింది? పుట్టింది సరే, ఇప్పటికీ ఎందుకుంది?

ఈలోగా ఈ నాణెం చేతులు మారుతూ రానివ్వండి. భయపడకండి, అసలుది కాదు, అక్కడి మ్యూజియంలో కొన్న నకలు. దాని సంగతి తర్వాత చెబుతాను. మళ్ళీ నా దగ్గరికే రావాలి సుమా.

మన ఆదిలాబాద్ ఉంది కదా. భూమధ్యరేఖకు ఉత్తరంగా పంతొమ్మిదిన్నర డిగ్రీలు దాటి ఉంటుంది. పొటోసి దక్షిణంగా సరిగ్గా అంతే దూరంలో ఉంది. అంటే లెక్క ప్రకారం రెండూ ఉష్ణమండలమే. మే నెలలో ఆదిలాబాద్ ఎలా కాలుతుందో మీకు తెలుసు. మరి పొటోసిలో? చలికాలం రాత్రి బయట బకెట్లో నీళ్ళు పెడితే పొద్దున్నకు గడ్డ కట్టి ఉంటాయి. వాళ్ళ చలికాలం జూన్, జులై, అది గుర్తుంచుకోండి. ఎందుకీ తేడా? ఎత్తు. కిలోమీటరు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు వేడి తగ్గుతుంది. ఆ ఊరు నాలుగు వేల మీటర్లకు పైన ఉంది. లెక్క వేసుకోండి, ఇరవై ఆరు డిగ్రీలు అక్కడే కోసేశారు.

నాలుగు వేల మీటర్లు అంటే ఎంత? అమర్‌నాథ్ యాత్రకు వెళ్ళొచ్చినవాళ్ళు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నట్టున్నారు. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్లు. మీరు గుర్రం ఎక్కి, డోలీ ఎక్కి, ఆక్సిజన్ సిలిండర్ పక్కన పెట్టుకుని అంత పైకి వెళ్ళి దణ్ణం పెట్టుకుని దిగొస్తారే, అంతకంటే పైన పిల్లలు స్కూలుకు పరిగెడుతుంటారు. ఆటోలో కూరగాయల మూటలు వేసుకుని వెళ్ళినట్టు వ్యాన్లలో వెళ్తుంటారు. పెళ్ళిళ్ళు చేసుకుంటారు, బ్యాండ్‌మేళం ఊదుతారు! ఆ ఎత్తులో బూర ఊదడం అంటే మాటలా?

నేను 2018లో వెళ్ళాను. మా అమ్మాయీ అల్లుడూ అటు తిరగడానికి వెళ్తూ నన్నూ లాక్కెళ్ళారు. సుక్రే అనే ఊరి నుంచి కారులో మూడు గంటలు ఎక్కడమే ఎక్కడం. సుక్రే 2,800 మీటర్లు, అక్కడ బాగానే ఉన్నాను. పొటోసిలో దిగాక లాడ్జిలో మొదటి అంతస్తుకు మెట్లెక్కాలి, ఇరవై మెట్లు ఉంటాయేమో. పన్నెండో మెట్టు దగ్గర ఆగిపోయాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. లాడ్జి ఆవిడ చూసి నవ్వి, వేడినీళ్ళలో కోకా ఆకులు వేసి తెచ్చి ఇచ్చింది. అదే వాళ్ళ టీ. రుచి ఎండుగడ్డి నానబెట్టినట్టు ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ అరగంటకు తలనొప్పి కాస్త సర్దుకుంది. ఆకు మహిమో, కూర్చోవడం మహిమో నాకు తెలీదు. మనం ఇక్కడ ఒక్కసారి పీల్చినప్పుడు అందే ప్రాణవాయువులో అక్కడ అందేది అరవై శాతం చిల్లర, అంతే.

2007లో బ్రెజిల్ నుంచి ఫ్లమెంగో అనే పెద్ద ఫుట్‌బాల్ జట్టు ఇక్కడ రియల్ పొటోసి జట్టుతో ఆడటానికి వచ్చింది. ఆటగాళ్ళు మధ్యలో ఆక్సిజన్ మాస్కులు పెట్టుకున్నారు. మ్యాచ్ 2-2తో డ్రా అయింది. ఇంటికెళ్ళి ఒకటే గొడవ, ఇది ఆట కాదు అమానుషం అని. ఆ ఏడాదే ఫిఫా 2,500 మీటర్లు దాటిన చోట అంతర్జాతీయ మ్యాచులు వద్దంది. బొలీవియా అధ్యక్షుడు ఏవో మొరాలెస్ ఊరుకుంటాడా? మా దేశంలో సగం ఊళ్ళు అంత ఎత్తులోనే ఉన్నాయి, మేం పుట్టిన చోట మేం ఆడకూడదా అని పట్టుబట్టాడు. తర్వాత ఆ నిషేధం ఎత్తేశారు.

సరే, ఊరెందుకు పుట్టింది? ఊరికి దక్షిణాన ఒక కొండ ఉంది. మీరు పొటోసిలో ఏ వీధిలో నిలబడినా, ఏ మలుపు తిరిగినా, వీధి చివర ఆ కొండ ఉంటుంది. అచ్చం చిన్నపిల్లలు గీసే కొండలా ఉంటుంది, నున్నగా, కోసుగా, త్రిభుజం గీసి రంగేసినట్టు. రంగు ఇటుక ఎరుపు. స్పానిష్‌లో సెర్రో రికో అంటారు, ధనవంతమైన కొండ అని. అక్కడి పాత భాష కెచువాలో సుమక్ ఉర్కు, అందమైన కొండ. పేర్లు పెట్టడంలో ఎవరి కన్ను ఎక్కడ పడిందో చూడండి. ఎత్తు సుమారు 4,800 మీటర్లు. అంటే ఊరి మీద మళ్ళీ ఇంకో ఏడు వందల మీటర్లు.

ఆ కొండ ఒకప్పటి అగ్నిపర్వతపు గుండె. కోటీ ముప్పై లక్షల ఏళ్ళకు పైబడిన మాట. కింద నుంచి ఉడుకుతున్న నీళ్ళు రాతి పగుళ్ళలోకి ఎక్కి, చల్లారేటప్పుడు తమలో కరిగిన లోహాలను ఆ పగుళ్ళలోనే వదిలిపెట్టాయి. వెండి, తగరం, జింకు, సీసం. ఆ పైన గాలీ వానా తగిలి, ఇనుము తుప్పు పట్టి కొండ ఎర్రబడింది. పైభాగంలో వెండి ఎంత చిక్కగా పేరుకుందంటే, తొలి రోజుల్లో ముడిరాయిని కొలిమిలో పెడితే చాలు, వెండి కారేది.

1545లో దొరికింది. డియేగో వాల్పా అనే స్థానికుడు తప్పిపోయిన లామాను, అంటే ఒంటె జాతిది, అక్కడ బరువులు మోసే జంతువు, దాన్ని వెతుక్కుంటూ కొండెక్కాడట. చీకటి పడింది, చలి, మంట వేసుకుని పడుకున్నాడు. పొద్దున్న చూస్తే మంట కింద వెండి కరిగి మెరుస్తోంది. ఇది ఒక కథ. జారిపడబోతూ పొద పట్టుకుంటే వేళ్ళతో సహా ఊడొచ్చి వెండి కనబడిందని ఇంకో కథ. నన్నడిగితే రెండూ నమ్మను. దగ్గర్లోనే పోర్కో అనే చోట, స్పెయిన్‌వాళ్ళు వచ్చి ఆక్రమించకముందు అక్కడ ఏలిన ఇంకా రాజుల కాలం నుంచీ వెండి తవ్వుతున్నారు. రాళ్ళతోనే బతికేవాళ్ళకు ఆ ఎర్రకొండలో ఏముందో తెలియకుండా ఉంటుందా? తెలిసినవాడు తెల్లవాడికి ఎప్పుడు చెప్పాడు, ఎందుకు చెప్పాడు అన్నదే అసలు కథ. అది మాత్రం ఎవరూ రాయలేదు.

మొదటి పాతికేళ్ళూ వెండి తీసింది స్థానికులే, వాళ్ళ పద్ధతిలోనే. వైరా అని మట్టితో చేసిన చిన్న కొలిమి, మనిషి ఎత్తు కూడా ఉండదు, ఒళ్ళంతా కన్నాలు. వైరా అంటే కెచువాలో గాలి. తిత్తులు ఊదే పని లేదు. కొండ వాలు మీద గాలి తగిలే చోట పెడితే గాలే ఊదుతుంది. ఆ ఎత్తులో గాలి పల్చన కదా, స్పానిష్‌వాళ్ళు తమ తిత్తులతో ఎంత ఊదినా కొలిమి రాజుకోలేదు. చివరికి వైరాల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రాత్రయ్యేసరికి కొండ వాలు నిండా వేల మంటలు. దీపావళి నాడు విజయవాడలో ఇంద్రకీలాద్రి వాలు మీది ఇళ్ళు చూశారా? అలా ఊహించుకోండి. మరి మంటకు కట్టెలేవి, చెట్లే లేవన్నాను కదా? లామా పేడ, అక్కడి గరిక, ఇంకా యరేటా అని ఒక మొక్క. బండరాయి మీద ఆకుపచ్చ పరుపు పరిచినట్టు ఉంటుంది, ఏడాదికి ఒక్క సెంటీమీటరు చిల్లర పెరుగుతుంది. వందల ఏళ్ళ మొక్కను పెళ్ళగించి ఒక పూట కాల్చేవాళ్ళు.

1560ల కల్లా మంచి ముడిరాయి అయిపోయింది. లోపలికి పోయేకొద్దీ వెండి పల్చబడింది, కొలిమికి లొంగలేదు. ఊరు మూతపడాల్సిందే. అప్పుడొచ్చాడు ఫ్రాన్సిస్కో టొలేడో అనే వైస్రాయి, 1572లో. పొటోసి ఇవాళ ఇలా ఉందంటే, మంచికీ చెడ్డకీ, ఆ ఒక్క మనిషి చేసిన మూడు పనుల వల్లే అంటాను నేను.

ఒకటి పాదరసం. పెరూలో వాంకవెలికా అనే చోట పాదరసం గని ఉంది. ముడిరాయిని పిండి చేసి, ఉప్పు కలిపి, పాదరసం పోసి, తడిపి, రోజుల తరబడి తొక్కాలి. మన ఊళ్ళో గోడలకు మట్టి తొక్కినట్టు, కాళ్ళతోనే. పాదరసం వెండిని పట్టుకుంటుంది. కడిగితే మట్టి పోతుంది, ముద్ద మిగులుతుంది. దాన్ని గుడ్డలో వేసి పిండి, అచ్చులో పెట్టి కాలిస్తే పాదరసం ఆవిరై పోయి వెండి ఉండ మిగిలేది. దాని పేరు పీన్యా, అంటే అనాసపండు, ఆ ఆకారమే. చిలకలపూడి పనివాళ్ళు ఎవరైనా వచ్చారా ఇవాళ? మీ తాతలు పాదరసంతో బంగారు పూత వేసేవాళ్ళు కదా, ఆ పొగ తగిలిన చేతులు ముసలితనంలో ఎలా వణికేవో మీ ఇంట్లోవాళ్ళే చెప్పాలి. ఇక ఊరి మొత్తానికీ ఆ పొగే పడితే?

రెండోది నీళ్ళు. రాయిని పిండి చేయాలంటే మరలు తిరగాలి, మరలు తిరగాలంటే నీళ్ళు పారాలి. వాన డిసెంబరు నుంచి మార్చి దాకానే, అదీ కొద్దిగా. అందుకని ఊరికి తూర్పున కారి-కారి కొండల్లో చెరువులు తవ్వారు. ఒకటీ రెండూ కాదు, ఇరవైకి పైగా! ఒకదాని నుంచి ఒకదానికి కాలవలు, అక్కడి నుంచి ఊరి మధ్యగా పారే ఒక పెద్ద కాలవ, దాని వెంబడి వరసగా మరలు. కాకతీయులు చెరువులు తవ్వించింది వరి కోసం, వీళ్ళు తవ్వించింది రాయి నూరడం కోసం. ఆ చెరువుల్లో కొన్నింటి నీళ్ళే ఇవాళ్టికీ ఊరివాళ్ళు తాగుతున్నారు. నాలుగు వందల యాభై ఏళ్ళ కట్టలు.

కానీ 1626 మార్చి 15న, ఆదివారం, శాన్ ఇల్డెఫాన్సో చెరువు కట్ట తెగింది. కింద ఊరు. రెండు గంటల్లో మరల్లో చాలా భాగం కొట్టుకుపోయాయి. పోయినవాళ్ళు వందల్లో అని కొందరు, వేలల్లో అని కొందరు రాశారు. 1864 ఉప్పెన చూసిన ఊరివాళ్ళకు నేను దీన్ని వర్ణించి చెప్పక్కర్లేదు.

మూడోది మనుషులు. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి.

మిటా అని ఒక పద్ధతి. కెచువాలో మిటా అంటే వంతు. ఇంకాల కాలంలో ఊరంతా వంతులు వేసుకుని రోడ్డు పని, కాలవ పని చేసేవాళ్ళు. టొలేడో ఆ పాత పేరునే తీసుకుని గనికి తగిలించాడు. మన భాషలో దీనికి మాట ఉంది. వెట్టి. పదహారు పరగణాల నుంచి, ఎదిగిన మగవాళ్ళలో ఏడుగురికి ఒకరు చొప్పున, ఏడాదికి దాదాపు 13,500 మంది పొటోసికి రావాలి. కొందరు కుజ్కో వైపు నుంచి రెండు మూడు నెలలు నడిచి వచ్చేవాళ్ళు, పెళ్ళాం పిల్లల్తో, లామాల మీద మూటలతో. బయల్దేరేటప్పుడు ఊరిజనం ఏడ్చి సాగనంపేవారట. కూలి ఇచ్చేవాళ్ళు, ఇవ్వలేదని కాదు. ఆ కూలితో ఆ ఊళ్ళో తిండి కూడా గడవదు. గని లోపల తోలు నిచ్చెనల మీద, వీపున రాళ్ళ మూట, బొటనవేలికి కట్టుకున్న కొవ్వొత్తి వెలుగులో ఎక్కుతూ పైకి రావాలి. లోపల ఉక్క, బయట మంచు. చెమటతో అలా బయటికి వచ్చినవాడి ఊపిరితిత్తులు ఏమవుతాయి? ఇది 1812 దాకా సాగింది. దాదాపు 240 ఏళ్ళు.

ఇక్కడ ఒక మాట. పొటోసిలో ఎనభై లక్షల మంది చనిపోయారని ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది. నేనూ ఒకప్పుడు క్లాసులో చెప్పాను. తప్పు చెప్పాను. ఆ అంకెకు ఆధారం లేదు, చరిత్రకారులు ఎవరూ దాన్ని అంగీకరించరు. వెట్టి తప్పించుకోవడానికి ఊళ్ళు వదిలి పారిపోయినవాళ్ళను కూడా చచ్చిపోయినవాళ్ళలో కలిపేసి లెక్కేస్తే ఇలాంటి అంకెలే వస్తాయి. ఉన్నది చెబితేనే కళ్ళు చెమ్మగిల్లుతుంటే పెంచి చెప్పడం దేనికి?

ఈ మూడు పనులతో వెండి మళ్ళీ పొంగింది. 1592లో అన్నిటికంటే ఎక్కువ తీశారు. 1611 లెక్కల్లో ఊరి జనాభా 1,60,000 అని రాసుకున్నారు. అప్పటి లండన్ కంటే మరీ చిన్నదేం కాదు! నాలుగు వేల మీటర్ల ఎత్తున, గోధుమ గింజ కూడా పండని చోట! తిండి కింది లోయల నుంచి రావాలి, కంచర గాడిదలు అర్జెంటీనా మైదానాల నుంచి రావాలి, ఉప్పు దగ్గర్లోని ఉప్పు మైదానాల నుంచి రావాలి. చైనా పట్టు, ఫ్లాండర్స్ లేసు, అన్నీ ఆ కొండెక్కాయి. ఇవాళ్టికీ స్పానిష్‌లో ఏదైనా చాలా విలువైనది అనాలంటే 'పొటోసి అంత విలువ' అంటారు. డబ్బున్నవాళ్ళు మాత్రం వీలుచూసుకుని సుక్రేకు దిగిపోయేవాళ్ళు, చలి తక్కువని. తొలి రోజుల్లో అక్కడ పుట్టిన స్పానిష్ పిల్లలు బతికేవాళ్ళు కాదని, కాన్పుకు ఆడవాళ్ళను లోయల్లోకి పంపేవాళ్ళని చెబుతారు. కొండజాతి పిల్లలు బతికారు. తరతరాలుగా వాళ్ళ రక్తం ఆ ఎత్తుకు అలవాటు పడింది.

ఇప్పుడు ఆ నాణెం ఎంతవరకు వచ్చింది? నాలుగో వరసా? కానివ్వండి.

అది ఎనిమిది రియాళ్ళ నాణెం నకలు. అసలుది సుమారు 27 గ్రాముల వెండి. పొటోసిలోనే టంకశాల ఉండేది, అక్కడే కొట్టేవాళ్ళు. ఆ నాణేలు లామాల మీద, తర్వాత కంచర గాడిదల మీద ఎడారి దాటి అరికా రేవుకు, అక్కడి నుంచి ఓడలో పనామాకు, మళ్ళీ గాడిదల మీద ఆ ఇరుకు నేల దాటి ఇటు సముద్రానికి, హవానాకు, సెవిల్‌కు. స్పెయిన్‌లో నిలిచిందా? లేదు. రాజుగారి యుద్ధాలకు, అప్పులకు పోయింది. ఆమ్‌స్టర్‌డామ్ చేరింది, లండన్ చేరింది. అక్కడి నుంచి?

అక్కడి నుంచి మన దగ్గరికి. బందరులో డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో దిగారు. డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ మన ఊళ్ళో ఉన్నాయి, వెళ్ళి చూడండి, చూడనివాళ్ళు సిగ్గుపడాలి. వాళ్ళకు కావలసింది మన అద్దకం బట్ట. అది తీసుకెళ్ళి తూర్పు దీవుల్లో లవంగం, జాజికాయ కొనేవాళ్ళు. మనకు అమ్మడానికి వాళ్ళ దగ్గర పెద్దగా ఏముంది? చలిదేశపు ఉన్ని బందరు ఎండలో ఎవరు కట్టుకుంటారు! అందుకే పెట్టెల్లో వెండి రియాళ్ళు తెచ్చేవాళ్ళు. ఇక్కడ షరాబులు తూకం వేసి, గీటు చూసి, వరహాలకు మార్చేవాళ్ళు. ఆ వెండిలో మెక్సికోది ఎంత, పొటోసిది ఎంత అని విడదీయలేం, కరిగాక వెండికి ఊరు పేరుండదు. కానీ 1600ల మొదట్లో పెడన నేతగాడి గంజిలో పొటోసి కొండ పిసరంతైనా కలిసి ఉంటుందని నేను అనుకుంటాను. అనుకుంటాను అంటున్నాను, రాసుకోకండి.

షరాబుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 1649లో పొటోసి టంకశాలలో పెద్ద మోసం బయటపడింది. నాణేల్లో వెండి తగ్గించి రాగి కలుపుతున్నారు, ఏళ్ళ తరబడి. అప్పట్లో పొటోసి పెరూ కిందే ఉండేది, యూరప్‌లో వర్తకులు పెరూ నాణెం అంటేనే వద్దు పొమ్మన్నారు. స్పెయిన్ రాజు ప్రత్యేకంగా ఒక అధికారిని పంపాడు. గోమెజ్ డి లా రోచా అనే పెద్ద వెండి వర్తకుణ్ణి 1650లో చంపించారు. నాణెం బొమ్మే మార్చేశారు, రెండు స్తంభాలు, కింద అలలు వచ్చాయి. నవ్వకండి, నేను చిలకలపూడి గిల్టు నగల ఊళ్ళో ఈ మాట చెబుతున్నానని నాకు తెలుసు. కానీ మనవాళ్ళు గిల్టు అని చెప్పే గిల్టు అమ్ముతారు.

ఇప్పుడున్న టంకశాల భవనం 1773లో పూర్తయింది. లోపల చూసి తీరాల్సిన వాటిల్లో ఒకటి వెండి రేకు సాగదీసే యంత్రాలు. ఇనుపవి కావు, చెక్కవి. మేడ మీద ఇంతింత పళ్ళ చక్రాలు, కింద అంతస్తులో వాటిని తిప్పే ఇరుసు, దాని చుట్టూ కంచర గాడిదలు తిరిగిన గది. మన గానుగ గుర్తొచ్చింది నాకు. మరి ఆ చెక్కలు? చెట్టే లేని ఊరికి స్పెయిన్ నుంచి ఓడలో బ్యూనస్ ఐరిస్‌కు, అక్కడి నుంచి నేల మీద లాక్కొచ్చారు. ఇవాళ బొలీవియా తన చిల్లర నాణేలను వేరే దేశాల్లో కొట్టించుకుంటోంది, అది వేరే సంగతి.

ఇంకొకటి ఒక బొమ్మ. 1700ల నాటిది, వేసినవాడి పేరు తెలీదు. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను, మా అల్లుడు వాచీ చూసుకుంటున్నాడు. మేరీమాత బొమ్మ అది. కానీ ఆవిడ ఒళ్ళు ఆ కొండే. ఎర్రకొండ శిఖరంలోంచి ఆవిడ ముఖం వస్తుంది, వాలుల్లోంచి రెండు అరచేతులు వస్తాయి. ఆవిడ చీర కుచ్చెళ్ళ మీద, అంటే కొండ మీద, చిన్న చిన్న మనుషులు, లామాలు, దారులు, మంట వేసుకున్న వాల్పా కూడా. పైన సూర్యుడు, చంద్రుడు. కింద ఒకవైపు పోప్, ఒకవైపు రాజు, మోకాళ్ళ మీద. చర్చివాళ్ళు మేరీమాత అనుకున్నారు, కొండజనం భూమాత అనుకున్నారు, ఇద్దరూ ఒకే బొమ్మకు దణ్ణం పెట్టారు. కొండే దేవుడు అంటే మనకు విడమరిచి చెప్పాలా? ఏడుకొండలు ఆదిశేషుడి పడగలు అనుకునేవాళ్ళం కదా మనం.

గని లోపల ఇంకో దేవుడు ఉన్నాడు. పేరు టియో, అంటే మామయ్య, బాబాయి, ఏదైనా అనుకోండి. కొమ్ములుంటాయి, మట్టి బొమ్మ, కూర్చుని ఉంటాడు. పైన చర్చి, లోపల టియో. గనివాళ్ళు శుక్రవారం నాడు వాడి నోట్లో సిగరెట్టు వెలిగించి పెడతారు, ఒళ్ళో కోకా ఆకులు చల్లుతారు, నేల మీద సారా పోస్తారు. మన గ్రామదేవతకు సాక పోసినట్టే. అడ్డం తిరిగితే పైకప్పు కూలుస్తాడట. నేను ఆ బొమ్మ దగ్గర రెండు నిమిషాలే ఉన్నాను. లోపలికి వంగి నడవాలి, దుమ్ము, కుళ్ళిన గుడ్డు లాంటి వాసన. మా గైడు ఒకప్పటి గని కూలీ. దవడలో కోకా ఆకు ఉండ పెట్టుకుని, దాని రుచి తగ్గితే ఇంత పొద్దు అయిందని తెలిసేది మాకు, లోపల గడియారం ఎందుకు అన్నాడు.

వెండి తగ్గాక ఏమైంది? త్వరగా చెప్పేస్తాను, ఆ కాలం అంత రుచిగా ఉండదు. 1825లో స్వాతంత్ర్యం వచ్చేసరికి ఊళ్ళో పదివేల మంది కూడా లేరంటారు. ఆ అక్టోబరులో స్వాతంత్ర్య పోరాటం నడిపిన బొలీవర్ వచ్చి కొండెక్కి జెండా పాతి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. తర్వాత తగరం కాలం వచ్చింది, మళ్ళీ ఊపిరి. 1952 విప్లవంలో పెద్ద గనులు ప్రభుత్వం తీసుకుంది. 1985లో తగరం ధర కుప్పకూలింది, దేశం మొత్తం మీద ఇరవై వేల మందికి పైగా గని కార్మికులను ఇంటికి పంపారు. పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు సహకార సంఘాలు కట్టుకుని సొంతంగా తవ్వుకుంటున్నారు. జింకు, సీసం, తగరం, కాస్త వెండి. సంఘం అంటే మన పాల సంఘంలా అనుకోకండి. ఎవడి తవ్వకం వాడిది, ఎవడి టెన్షన్ వాడిది. జింకు ధర పెరిగిందంటే స్కూలు మానేసి కుర్రాళ్ళు లోపలికి దిగుతారు. నలభై ఏళ్ళకు ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము.

ఐదొందల ఏళ్ళుగా తొలిచిన కొండ అది. చెదపురుగు తొలిచిన దూలంలా ఉంది. 2011లో శిఖరం దగ్గర నేల కుంగి పెద్ద గొయ్యి పడింది, సిమెంటు పోసి పూడ్చే ప్రయత్నం చేశారు. 1987లో యునెస్కో ఊరినీ కొండనూ ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది, 2014లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి మార్చింది. 4,400 మీటర్ల పైన తవ్వకూడదని నిబంధన ఉంది. తవ్వుతున్నారు. తప్పు అని చెప్పడం సులువు, చెప్పి ఏం పని ఇస్తారు వాళ్ళకు? ఇక ఆ రాళ్ళు కడిగిన మురికి వాగుల్లోకి దిగి పిల్కొమాయో నదిలో కలుస్తుంది. ఆ నది కింద పరాగ్వే, అర్జెంటీనా దాకా పోతుంది. చేపలు పట్టేవాళ్ళ గోడు అక్కడుంది.

ఆ ఊళ్ళో తిండి సంగతి ఒకటి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు, ముందు వరసలోనే కూర్చుంది. కలపుర్కా అని ఒక పులుసు. మొక్కజొన్న పిండితో చిక్కగా కాచి, మట్టి గిన్నెలో పోసి, మన ముందు పెట్టాక అందులో నిప్పులా కాల్చిన రాయి ఒకటి వేస్తారు. గిన్నె బుసబుసా పొంగుతుంది, పది నిమిషాలైనా ఉడుకుతూనే ఉంటుంది. ఎందుకంటే అక్కడ నీళ్ళు 87 డిగ్రీలకే మరిగిపోతాయి, ఇట్టే చల్లారిపోతాయి. కందిపప్పు పెట్టుకుని కూర్చుంటే ఆరోజుకు అన్నం లేనట్టే. రాయితో బతికే ఊరు, పులుసులో కూడా రాయే! ఇంకా లహ్వా అని పచ్చడి. లొకోటో అనే గుండ్రటి మిరపకాయ, గింజలు నల్లగా ఉంటాయి, దాన్నీ టమాటానూ బల్లపరుపు రాతి మీద వేసి, అర్ధచంద్రాకారం రాయిని అటూ ఇటూ ఊపుతూ నూరుతారు. రోటి పచ్చడే. తింటే చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. మిరప జాతి మొత్తానికి పుట్టిల్లు ఆ బొలీవియా చుట్టుపక్కలే అని వృక్షశాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. గుంటూరువాళ్ళకు చెప్పండి, పుట్టింటి పేరు తెలుసుకుంటారు.

చివరి రోజు సాయంత్రం కొండ మీద ఒక గని నోటి దగ్గర ఆగాం. పక్కన రాళ్ళు పేర్చిన గుడిసె, పైన రేకు. అందులో ఒకావిడ, ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో, రెండు కుక్కలు, నోటు పుస్తకం ముందేసుకుని ఒక పిల్ల. ఇలాంటి ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు ఆ కొండ మీద. రాత్రిళ్ళు గనివాళ్ళ సామాన్లకు కాపలా కాస్తారు. చాలామంది భర్తలు గనిలో పోయినవాళ్ళు. పగలు పారేసిన రాళ్ళ గుట్టల్లో కాస్త మెరిసేవి ఏరుకుంటారు. అక్కడి నుంచి చూస్తే కింద ఊరంతా కనిపిస్తుంది, ఎర్ర పెంకులు, చర్చి గోపురాలు, అప్పుడే వెలుగుతున్న వీధిదీపాలు.

ఏ ఊరు అని అడిగింది, గైడు ద్వారా. ఇండియా, సముద్రం ఒడ్డున ఒక ఊరు అన్నాను. సముద్రం అనగానే ఆ పిల్ల తలెత్తింది. బొలీవియాకు సముద్రం లేదు, నూట నలభై ఏళ్ళ కిందట చిలీతో యుద్ధంలో పోయింది, వాళ్ళకు అదొక తీరని దిగులు. మీ ఊళ్ళో కొండ ఉందా అని అడిగింది తల్లి. లేదమ్మా, అంతా చదునే అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మరి ఏం తవ్వుకుని బతుకుతారు అంది.

చేపలు, ఉప్పు, వరి అని చెప్పాను. గైడు తర్జుమా చేశాడు. ఆవిడ ఊఁ అని, కుక్కను అదిలించి, లోపలికి వెళ్ళి దీపం పెట్టుకుంది.

ఇంతే నేను చెప్పదలచుకుంది. ప్రశ్నలుంటే అడగండి. ఆ నాణెం ఎవరి దగ్గర ఆగింది?